బజారు లెక్క, బడి లెక్క: మనోవిజ్ఞానము సందర్భాన్ని గుర్తించిన చరిత్ర

"చెప్పు" అనే మాటను ఒక కాగితము మీద ఒంటరిగా వ్రాసి, దీని అర్థమేమని అడిగితే జవాబివ్వడము కష్టము. "నిజము చెప్పు" అన్నప్పుడు అది క్రియ. "చెప్పు తెగినది" అన్నప్పుడు అది కాలికి తొడుగుకొనే వస్తువు. "నూరు" అనే మాట కూడా ఇటువంటిదే. "నూరు రూపాయలు" అంటే అది సంఖ్య. "పచ్చడి నూరు" అంటే అది పని. అక్షరాలు అవే, ఉచ్చారణ అదే. అర్థాన్ని నిర్ణయించినవి ఇరుగుపొరుగు మాటలు.

మన లిపిలోనే మరొక చక్కని ఉదాహరణమున్నది. "పంట" అనే మాటలో రెండవ గుర్తు ఒక చిన్న వలయము. 100 అనే సంఖ్యలో చివరి గుర్తు కూడా ఒక వలయమే. రెంటినీ మనము "సున్న" అనే పేరుతోనే పిలుస్తాము. ఐనప్పటికీ చదివేటప్పుడు ఎవ్వరూ తడబడరు. అక్షరాల నడుమ ఉన్న సున్న ధ్వనిగాను, అంకెల నడుమ ఉన్న సున్న సంఖ్యగాను మనకు కనబడుతుంది. ఈ పని ఎంత వేగముగా జరుగుతుందంటే, అది జరుగుతున్నదని కూడా మనకు తెలియదు.

మాటకు సందర్భమున్నట్లే జ్ఞాపకానికి, చదువుకు, ప్రవర్తనకు కూడా సందర్భమున్నదా? ఒక చోట నేర్చిన విద్య మరొక చోటికి తనంతట తానే వెంట వస్తుందా? ఒక విద్యార్థికి ఒక విషయము "వచ్చును", "రాదు" అని మనము తీర్పు చెప్పినప్పుడు ఆ తీర్పు విద్యార్థిని గురించినదా, లేక మనము పరీక్షించిన తీరును గురించినదా? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకడానికి మనోవిజ్ఞాన శాస్త్రానికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్ర ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడా పనికివచ్చేది.

సందర్భాన్ని తుడిచివేసిన శాస్త్రజ్ఞుడు

జ్ఞాపకశక్తిని కొలవవచ్చునని మొట్టమొదట నిరూపించినవాడు జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబింగ్‌హాస్. ఆయన 1850లో జన్మించినాడు. తన ప్రయోగాల ఫలితాలను 1885లో గ్రంథరూపముగా ప్రకటించినాడు. ఆ ప్రయోగాలకు ప్రయోగకర్త ఆయనే, ప్రయోగానికి లోనైన వ్యక్తీ ఆయనే.

ఆయన ఎదుర్కొన్న మొదటి చిక్కు ఇది. మనము నేర్చుకొనే ప్రతి మాటకు పూర్వ పరిచయము, అర్థము, అనుబంధము ఉంటవి. "అమ్మ" అనే మాటను గుర్తుంచుకొనడానికి, ఎన్నడూ వినని మాటను గుర్తుంచుకొనడానికి పట్టే శ్రమ ఒక్కటి కాదు. అందుచేత ఆయన ఏ అర్థమూ లేని అక్షర సముదాయాలను సుమారు 2300 తయారు చేసుకొన్నాడు. ఒక హల్లు, ఒక అచ్చు, మరొక హల్లు కలిసి ఒక ముక్క. వీనిని వరుసలుగా పేర్చి, గడియారపు టిక్కుటిక్కుల లయకు అనుగుణముగా పైకి చదువుతూ కంఠస్థము చేసినాడు. రసాయన శాస్త్రజ్ఞుడు పదార్థాన్ని శుద్ధి చేసినట్లు ఆయన జ్ఞాపకాన్ని సందర్భము నుండి శుద్ధి చేయదలచినాడు.

ఫలితాలు గొప్పవి. నేర్చిన దానిలో అధిక భాగము మొదటి గంటలలోనే జారిపోతుందని, ఆ తరువాత మరపు నెమ్మదిస్తుందని ఆయన చూపినాడు. నేటికీ విద్యాశాస్త్ర గ్రంథాలలో ముద్రించే "మరపు రేఖ" ఆయన ఇచ్చినదే.

కాని ఆ గ్రంథములోనే మరొక ఫలితమున్నది. పోలిక కోసము ఆయన ఆంగ్ల కవి బైరన్ వ్రాసిన ఒక కావ్యములోని పద్యాలను కూడా కంఠస్థము చేసినాడు. అర్థమున్న పద్యానికి పట్టిన శ్రమ అంతే పొడవున్న అర్థరహిత వరుసకు పట్టే శ్రమలో సుమారు పదవ వంతు మాత్రమే. అనగా ఆయన శుద్ధి చేసి పారవేసిన వస్తువే నేర్చుకొనే పనిలో పదింట తొమ్మిది పాళ్ళు మోస్తున్నదన్న మాట. ఈ సంగతిని పూర్తిగా పట్టించుకొనడానికి తరువాతి వారికి చాలా కాలము పట్టినది.

లెక్కలు చేసిన గుర్రము

1904వ సంవత్సరములో బెర్లిన్ నగరములో ఒక గుర్రము పేరు మారుమ్రోగినది. దాని పేరు హాన్స్. యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. పిల్లలకు పాఠము చెప్పినట్లే ఆయన హాన్స్‌కు ఏండ్ల తరబడి లెక్కలు నేర్పినాడు. "మూడును ఐదును కలిపితే ఎంత?" అని అడిగితే హాన్స్ ఎనిమిది మార్లు గిట్టతో నేలను తట్టి ఆగేది. చూడవచ్చిన వారి వద్ద ఆయన డబ్బు పుచ్చుకొనలేదు. కనుక మోసమని అనడానికి వీలు లేకపోయినది.

ఆ సంవత్సరము సెప్టెంబరులో బెర్లిన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కార్ల్ ష్టుంఫ్ ఆధ్వర్యాన ఒక సంఘము గుర్రాన్ని పరీక్షించి, ఇందులో గారడి యేమీ కనబడలేదని ప్రకటించినది. యజమాని లేనప్పుడు ఇతరులు అడిగినా హాన్స్ సరియైన జవాబే ఇచ్చుచుండెడిది. ఐతే ష్టుంఫ్ అక్కడితో ఊరుకొనలేదు. తన శిష్యుడు ఆస్కార్ ఫుంగ్‌స్ట్‌కు ఆ పరిశోధనను అప్పగించినాడు.

ఫుంగ్‌స్ట్ గుర్రాన్ని మార్చలేదు, ప్రశ్నను మార్చలేదు, సందర్భాన్ని మార్చినాడు. కొన్ని మార్లు ప్రశ్నించేవానికే జవాబు తెలియకుండా ఏర్పాటు చేసినాడు. అప్పుడు హాన్స్ జవాబులు ఇంచుమించు అన్నీ తప్పినవి. కొన్ని మార్లు ప్రశ్నించేవాడు గుర్రానికి కనబడకుండా గంతలు అడ్డము పెట్టినాడు. అప్పుడు కూడ హాన్స్ తడబడినది. దీనితో రహస్యము బయటపడినది. ప్రశ్న అడిగిన మనిషి గిట్టను చూడడానికి కొంచెము ముందుకు వంగుతాడు. హాన్స్ తట్టడము ప్రారంభిస్తుంది. సరియైన సంఖ్య రాగానే ఆ మనిషి తనకు తెలియకుండానే ఊపిరి వదలి, తల లేశమాత్రము పైకెత్తుతాడు, హాన్స్ ఆగిపోతుంది. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా తన తల కదలికను పూర్తిగా అణచుకొనడము ఫుంగ్‌స్ట్‌కే సాధ్యము కాలేదు.

ఈ పరిశోధన 1907లో గ్రంథముగా వెలువడినది. హాన్స్‌కు తెలివి లేదని దీని భావము కాదు. మనుష్యుల కంటికి ఆనని సూక్ష్మ చలనాలను అది పట్టుకొన్నది. కాని యజమాని నేర్పుతున్నానని అనుకొన్నది ఒకటి, అది నేర్చుకొన్నది మరొకటి. ఉపాధ్యాయుని ముఖము చూచి జవాబు సవరించుకొనే విద్యార్థిని ఎరుగని ఉపాధ్యాయుడుండడు. పరీక్షించేవాడు పరీక్షకు వెలుపల లేడు, లోపలనే ఉన్నాడని శాస్త్రలోకానికి బోధించినది ఈ గుర్రమే. మందులను పరీక్షించేటప్పుడు ఎవరికి అసలు మందు ఇచ్చినారో రోగికి గాని, ఫలితము కొలిచే వైద్యునికి గాని తెలియకుండా చేసే జాగ్రత్త వెనుక ఉన్న భావము ఇదే.

కన్ను, చెవి, మనస్సు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఎబింగ్‌హాస్ మార్గానికి ఎదురు నడిచినాడు. అర్థరహితమైన ముక్కలను విడిచి, ఆయన ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకదానిని విద్యార్థుల చేత చదివించి, కొంత కాలము తరువాత తిరిగి వ్రాయించినాడు. కథ పొట్టిదైనది, అంతేకాక, మారినది కూడా. తెడ్డుతో నడిపే దొన్నె వారి వ్రాతలో మామూలు పడవ అయినది. సీలు జంతువుల వేట చేపల వేట అయినది. వారికి అంతుపట్టని దయ్యాల ప్రసక్తి జారిపోయినది, లేదా వారికి నచ్చిన కారణముతో అతుకు పడినది. 1932లో ప్రకటించిన గ్రంథములో బార్ట్‌లెట్ చేసిన నిర్ణయము ఇది: జ్ఞాపకము గోదాములో దాచిన సరకు వంటిది కాదు. తలచుకొన్న ప్రతిసారీ మనము పెరిగిన సంస్కృతి అచ్చులో దానిని తిరిగి పోతపోస్తాము.

చెవి విషయములో కూడా ఇటువంటిదే జరుగుతుందని 1951లో జార్జి మిల్లర్, ఆయన సహచరులు అమెరికాలో చూపినారు. రొద నడుమ మాటలను విడివిడిగా వినిపించినప్పటికంటె వాక్యములో వినిపించినప్పుడు శ్రోతలు ఎక్కువ మాటలను సరిగా పట్టుకొన్నారు. రొద అంతే, గొంతు అదే. తోడున్న మాటలు వినికిడిని పెంచినవి. 1955లో జెరోమ్ బ్రూనర్, ఆయన సహచరి కంటిని పరీక్షించినారు. ఆంగ్లములో "బి" అనే అక్షరము నిలువు గీతకు, దాని ప్రక్కనున్న వంపులకు నడుమ కాస్త ఎడము వచ్చేటట్లు వ్రాస్తే 13 అనే సంఖ్యవలె కూడా కనబడుతుంది. అక్షరాల వరుసలో చూచినవారు దానిని అక్షరమన్నారు, అంకెల వరుసలో చూచినవారు పదమూడన్నారు. మన సున్న విషయములో రోజూ జరిగేది ఇదే.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 1970లో రిచర్డ్ వారెన్ ప్రకటించిన ప్రయోగము. చట్టసభలకు వాడే "లెజిస్లేచర్స్" అనే ఆంగ్ల పదమున్న ఒక వాక్యాన్ని టేపు మీద ఎక్కించి, ఆ పదము నడుమనున్న "స" ధ్వనిని ఆయన కత్తిరించి తీసివేసినాడు. ఆ చోట ఒక దగ్గును అతికించినాడు. 20 మంది శ్రోతలలో 19 మంది ఏ ధ్వనీ లోపించలేదని చెప్పినారు. మిగిలిన ఒక్కడు లోపించినదన్నాడు గాని, లోపించిన ధ్వని ఏదో తప్పుగా చెప్పినాడు. దగ్గు సరిగా ఏ అక్షరము వద్ద వచ్చినదో కూడా వారు చూపలేకపోయినారు. లేని ధ్వనిని వారు ఊహించుకొన్నామని అనుకొనలేదు, విన్నామనే అన్నారు. వినికిడిలో కొంత భాగము చెవి పని, కొంత భాగము సందర్భము చేసే పూరణము.

తెల్ల ఎలుగుబంటి ప్రశ్న

ఇంతవరకు సందర్భమంటే వాక్యము, వరుస వంటి చిన్న పరిసరము. జీవన విధానమంతా ఒక సందర్భమైతే? సోవియట్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ లూరియా ఈ పెద్ద ప్రశ్నతో 1931లోను, 1932లోను మధ్య ఆసియాలోని ఉజ్బెకిస్తాన్, కిర్గిజియా ప్రాంతాలకు వెళ్ళినాడు. అప్పుడక్కడ గ్రామాలలో కొందరు ఎన్నడూ బడి మొగము చూడనివారు. మరి కొందరు కొత్తగా సమష్టి వ్యవసాయములోను, వయోజన పాఠశాలలలోను చేరినవారు.

లూరియా సుత్తి, రంపము, గొడ్డలి, దుంగ ఉన్న బొమ్మలను చూపి, ఇందులో ఇమడనిది ఏది అని అడిగినాడు. చదువుకొన్నవారు దుంగ అన్నారు. మిగిలినవి పనిముట్లు గదా. బడి ఎరుగని రైతులు ఏదీ తీసివేయడానికి వీలు లేదన్నారు. దుంగ లేకపోతే రంపముతో ఏమి కోస్తారు, గొడ్డలితో ఏమి నరుకుతారు? మరొక ప్రశ్న: దూరపు ఉత్తరాన, మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నొవాయా జెమ్‌ల్యా అనే ద్వీపసమూహము దూరపు ఉత్తరాన ఉన్నది, అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగువి? ఒక రైతు ఇచ్చిన జవాబు సారాంశము ఇది: తాను నల్ల ఎలుగుబంటిని చూచినాడు, వేరొక దానిని చూడలేదు, చూడని దానిని గురించి చెప్పలేడు.

ఈ పరిశోధనలు వెంటనే వెలుగు చూడలేదు. ఇవి మధ్య ఆసియా ప్రజలను తక్కువ చేస్తున్నవని మాస్కోలో విమర్శ వచ్చినది. రష్యన్ భాషలో లూరియా గ్రంథము 1974లో గాని అచ్చు కాలేదు. బడి చదువు మనస్సును ఒక ఉన్నత దశకు చేర్చుతుందని లూరియా భావించినాడు. తరువాతి వారు ఆ భావాన్ని ప్రశ్నించినారు. తానెరుగని దానిని గురించి సాక్ష్యము చెప్పనన్న రైతు తర్కము తెలియనివాడా, లేక అడిగిన ఆట నియమాలు తెలియనివాడా? "నేను చెప్పిన మాటలను మాత్రమే పట్టుకొని, నీ అనుభవాన్ని ప్రక్కన పెట్టి జవాబు చెప్పు" అన్నది ఒక ప్రత్యేకమైన ఆట. దానిని ఆడేది ముఖ్యముగా బడిలోనే.

అమెరికా శాస్త్రజ్ఞులు సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ ఈ చిక్కును విడదీయదలచి ఆఫ్రికాలోని లైబీరియా దేశానికి వెళ్ళినారు. అక్కడి వాయి జాతివారికి పందొమ్మిదవ శతాబ్దములో తమలో ఒకరు సృష్టించిన సొంత లిపి ఉన్నది. దానిని బడిలో నేర్పరు. ఇండ్లలో, స్నేహితుల వద్ద నేర్చుకొని, ఉత్తరాలకు, పద్దులకు వాడుకొంటారు. కనుక బడి లేకుండా అక్షరాస్యులైనవారు అక్కడ దొరికినారు. 1981లో వెలువడిన వారి గ్రంథములోని ముఖ్య ఫలితము ఇది: అక్షరాస్యత ఒక్కటే మనస్సును మొత్తముగా మార్చివేయదు. తర్కపు ప్రశ్నకు కారణము చెప్పి వివరించే నేర్పు బడి చదువుతో వచ్చినది. ఉత్తరాలు వ్రాసే అలవాటున్నవారు ఎదుట లేని మనిషికి ఒక ఆటను విశదముగా వర్ణించి చెప్పడములో ముందున్నారు. ఏ పనిలో ఏ విద్యను వాడినారో ఆ పనికి సంబంధించిన నేర్పు అబ్బినది.

నీటి అడుగున పాఠము

ఒక చోటి విద్య మరొక చోటికి తానై రాదనే అనుమానము అప్పటికి కొత్తది కాదు. లాటిన్, రేఖాగణితము వంటి కఠిన విషయాలు మనస్సుకు సాన పడతవని, ఆ పదును అన్ని పనులలోను పనికివస్తుందని ఐరోపాలో తరతరాలుగా నమ్మేవారు. 1901లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్, రాబర్ట్ వుడ్‌వర్త్ దీనిని పరీక్షించినారు. కొన్ని ఆకారాల వైశాల్యాన్ని కంటితో అంచనా వేయడములో మనుష్యులకు శిక్షణనిచ్చినారు. ఆ ఆకారాల విషయములో వారు బాగుపడినారు. ఆకారమో, పరిమాణమో మార్చగానే ఆ లాభములో చాలా భాగము కరిగిపోయినది.

1975లో గాడెన్, బాడ్లీ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞులు స్కాట్‌లండు తీరములో మరొక ప్రయోగము ప్రకటించినారు. సముద్రములో మునిగి పనిచేసే ఈతగాండ్రకు 36 మాటల జాబితాలను కొన్ని మార్లు ఒడ్డున, కొన్ని మార్లు నీటి అడుగున వినిపించినారు. ఒడ్డున విని ఒడ్డుననే తలచుకొన్నప్పుడు సగటున 13.5 మాటలు గుర్తుకు వచ్చినవి. నీటిలోనికి దిగి తలచుకొన్నప్పుడు 8.6 మాత్రమే. నీటి అడుగున విన్నవి నీటి అడుగున 11.4, ఒడ్డున 8.4. నేర్చిన చోటు తలచుకొనే పనికి తోడ్పడినది.

ఈ ప్రయోగాన్ని అతిగా సాగదీయరాదు. జాబితాను ఎదుట పెట్టి, వీనిలో విన్న మాటలేవో గుర్తుపట్టమని అడిగినప్పుడు చోటు ప్రభావము కనబడలేదని అదే శాస్త్రజ్ఞులు 1980లో చూపినారు. 2021లో ఈ ప్రయోగాన్ని కొంత భిన్నమైన పరిస్థితులలో తిరిగి చేసినప్పుడు మొదటి ఫలితము రాలేదు కూడా. కనుక "పరీక్ష జరిగే గదిలోనే చదవండి" అని సలహా చెప్పడము తొందరపాటు. ఉపాధ్యాయునికి ఎక్కువ పనికివచ్చేది మరొకటి. 1978లో స్టీవెన్ స్మిత్, మరి ఇద్దరు సహచరులు ఒకే జాబితాను కొందరిచేత ఒకే గదిలో రెండు మార్లు, మరి కొందరిచేత రెండు వేరు గదులలో ఒక్కొక్క మారు చదివించినారు. తరువాత మూడవ గదిలో పరీక్షించగా రెండు గదులలో చదివినవారికే ఎక్కువ గుర్తున్నది. ఒకే కొక్కేనికి తగిలించిన వస్తువు ఆ కొక్కెము ఊడితే పడిపోతుంది. రెండు మూడు కొక్కేలకు తగిలించినది నిలుస్తుంది.

కొబ్బరికాయల లెక్క

ఇక ఈ చరిత్రలో ఉపాధ్యాయులకు అన్నిటికంటె దగ్గరగా వచ్చే ఘట్టము. బ్రెజిల్ దేశములోని రెసీఫె నగరములో పేద కుటుంబాల పిల్లలు వీధులలో కాయలు, పండ్లు అమ్ముతారు. తెరెజిన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశోధకులు 9 నుండి 15 ఏండ్ల వయస్సుగల ఐదుగురు పిల్లల వద్దకు కొనుగోలుదారులుగా వెళ్ళి బేరమాడుతూ లెక్కలడిగినారు. 63 ప్రశ్నలకు నూటికి 98 పాళ్ళు సరియైన జవాబులు వచ్చినవి. తరువాత అవే సంఖ్యలతో, అవే లెక్కలను కాగితము, పెన్సిలు ఇచ్చి బడి పరీక్షవలె అడిగినారు. ఒట్టి అంకెల లెక్కలలో సరియైనవి నూటికి 37 పాళ్ళకు పడిపోయినవి. కథ రూపములో ఇచ్చిన లెక్కలలో 74 పాళ్ళు. ఈ ఫలితాలు 1985లో వెలువడినవి.

ఒక పన్నెండేండ్ల బాలుని పద్ధతి చూడండి. కొబ్బరికాయ ధర 35 క్రుజైరోలు. పది కాయలెంత అని అడిగితే, మూడు కాయలు 105 అనే సంఖ్య అతనికి కంఠస్థము. మరి మూడు చేర్చి 210, ఇంకొక మూడు చేర్చి 315, చివరి కాయతో 350 అన్నాడు. బడిలో నేర్పినట్లు కుడివైపున సున్న చేర్చలేదు. నాలుగు కాయల ధర 140 అని వీధిలో సరిగా చెప్పినవాడే, కాగితము మీద 35ను 4తో గుణించమంటే 200 వ్రాసినాడు. నాలుగైదులు ఇరవై, రెండు వేసుకొని, ముందుగానే మూడుకు కలిపి, ఐదు చేసి, నాలుగుతో గుణించినాడు. వీధిలో అతడు కాయలను, డబ్బును లెక్కించినాడు. జవాబు హద్దు మీరితే అతనికే తెలుస్తుంది. కాగితము మీద అతడు గుర్తులను కదిపినాడు. 200 అసంభవమని చెప్పడానికి అక్కడ కొబ్బరికాయలు లేవు.

ఇది బ్రెజిల్ వింత కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే, వారి సహచరులు కలకత్తా, ఢిల్లీ నగరాల బజారులలో పనిచేసే పిల్లలు 1,436 మందిని, బడి పిల్లలు 471 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించినారు. బజారు పిల్లలు సరకుల ధరలను, తిరిగి ఇవ్వవలసిన చిల్లరను నోటితోనే గబగబ చెప్పినారు. ఉదాహరణకు, కిలో 20 రూపాయల చొప్పున 800 గ్రాముల బంగాళాదుంపలు అనుకొందాము. 200 గ్రాములు అయిదవ వంతు గనుక 4 రూపాయలు. కిలోలో దానిని తగ్గిస్తే 16. ఇటువంటి లెక్కలలో ఆరితేరిన పిల్లలే బడి పద్ధతిలో వ్రాసి ఇచ్చిన తేలిక తీసివేతలలోను, భాగహారాలలోను తడబడినారు.

ఈ పరిశోధన రెండవ వైపు కూడా చూచినది. బడిలో బాగా చదువుతున్న పిల్లలు కాగితము మీది లెక్కలు చేయగలిగినారు గాని, బజారు లెక్క ఎదురైనప్పుడు వెనుకబడినారు. కనుక తప్పు బజారు పిల్లలది మాత్రమే అనడానికి వీలు లేదు, బడి పిల్లలది మాత్రమే అనడానికీ వీలు లేదు. రెండు గట్లున్నవి, నడుమ వంతెన లేదు.

మన వీధిబడుల ఎక్కాలను ఇక్కడ తలచుకొనవచ్చును. పావు, అర, ముప్పాతిక, పరక, వీసము అనే భిన్నాలకు మన భాషలో సొంత పేర్లున్నవి. వీసమంటే పదహారింట ఒక పాలు. రూపాయికి పదహారణాలున్న రోజులలో అణా అంటే రూపాయిలో వీసమే. అందుచేత ఆ భిన్నము ఒట్టి గుర్తు కాదు, చేతిలోని నాణెము. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు పైసల పద్ధతి వచ్చినది. లెక్కలు సుకరమైనవి, పాత భిన్నాల పేర్లకు మాత్రము ఆధారమైన సందర్భము పోయినది. నేడు "వీసమెత్తు" అనే మాట వాడుకలో మిగిలినది గాని, ఎందరు విద్యార్థులు అందులో పదహారింట ఒకటిని చూడగలరు?

ఉపాధ్యాయునికి మిగిలే పని

ఈ చరిత్ర నుండి రెండు తప్పు పాఠాలు తీయవచ్చును. చదువంతా బజారులోనే చెప్పాలనడము మొదటిది. అది సరికాదు. కొబ్బరికాయలను మూడేసి చొప్పున కలుపుతూ పోయే పద్ధతి పది కాయలకు చాలును; వేయి కాయలకు, బీజగణితానికి చాలదు. బడి నేర్పే గుర్తుల లెక్కకున్న బలము ఏ సరకుకూ అంటిపెట్టుకొనకపోవడములోనే ఉన్నది. సందర్భమే అన్నీ చేస్తుంది గనుక విద్యార్థి చేయగలిగినదేమీ లేదనడము రెండవ తప్పు. స్మిత్ 1979లో చేసిన ప్రయోగములో, వేరొక గదిలో కూర్చున్నవారు తాము నేర్చుకొన్న గదిని మనస్సులో చిత్రించుకొనగానే మరచిన మాటలు చాలా వరకు తిరిగి వచ్చినవి. సందర్భాన్ని మనిషి తన వెంట తెచ్చుకొనగలడు.

సరియైన పాఠము ఈ రెంటికీ నడుమ ఉన్నది. ఒక సూత్రాన్ని ఒకే రకము లెక్కలో పదిమార్లు చేయించే బదులు, అదే సూత్రాన్ని పొలము వైశాల్యములో, వడ్డీ లెక్కలో, బస్సు వేగములో, పిమ్మట ఒట్టి అక్షరాలలో చేయించి, వీనిలో ఉమ్మడిగా ఉన్నదేమిటని విద్యార్థుల చేతనే చెప్పించవలెను. బజారు లెక్క వచ్చిన విద్యార్థి ఉంటే అతని పద్ధతిని నల్లబల్ల మీద వ్రాసి, దాని ప్రక్కనే పుస్తక పద్ధతిని వ్రాసి, రెండును ఒకటే పనిని ఎట్లు చేస్తున్నవో తరగతికి చూపవలెను. 35ను మూడేసి చొప్పున కలిపినవాడు ఎరుగకుండానే గుణకారపు విభాగ న్యాయాన్ని వాడినాడు. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు. వంతెన కట్టడమంటే ఇదే.

పరీక్షా పత్రము మీద సున్న వేసే ముందు అడగవలసిన ప్రశ్న కూడా ఒకటున్నది. 35ను 4తో గుణించి 200 వ్రాసిన బాలునికి గుణకారము రాదా? ఆ కాగితమే చూచినవారు రాదనే అంటారు. వీధి మూలన అతని వద్ద నాలుగు కాయలు కొన్నవారు వచ్చునంటారు. ఇద్దరూ చూచినది నిజమే. ఇద్దరూ చూచినది సగమే. ఆ రెండు సగాలను కలపగలిగినవాడు, ఆ బాలుని బజారులోను, బడిలోను కూడా ఎరిగిన ఉపాధ్యాయుడు ఒక్కడే.